జానెడు తక్కువ వంతెన

"చిన్నమామ్మా, ట్రాక్టరు కొందామనుకుంటున్నాం. నాన్నేమో ముందు నిన్నడిగి రమ్మన్నాడు. ఏది తీసుకోమంటావ్?"

నన్నడగమన్నాడా మీ నాన్న? చోద్యం కాకపోతే, స్టీరింగు పట్టుకున్న మొహమేనా నాది? కూర్చో దుర్గా, ఆ కుర్చీ లాక్కో. అది కాదే, దాని కాలు ఊగుతుంది, ఆ రెండోది. ఫోను అలా అరుగు మీద పెట్టావేంటి, రికార్డు చేస్తున్నావా? చెయ్యి చెయ్యి, నాకేం భయం. మీ చిన్నతాతయ్య టీకొట్టుకి వెళ్ళారు. ఆయన వచ్చేలోపు ఎంతైనా మాట్లాడతాను, వచ్చాక మాత్రం ఈ ముచ్చట ఎత్తను. ఎందుకో నీకే తెలుస్తుందిలే.

ఏదీ, ఆ బొమ్మలు చూపించు. ఎర్రది బాగుంది. నీలంది కూడా బాగానే ఉంది. షోరూములో అన్నీ బాగానే ఉంటాయే, మన బురదలో దిగాక తెలుస్తుంది దేని సంగతేంటో. మన నేల నీకు తెలియంది కాదు కదా, తొలకరిలో సార్వాకి నీళ్ళు పెట్టి దమ్ము చేస్తుంటే మనిషి మోకాలి దాకా దిగబడిపోతాడు. అంచేత దమ్ముకి ఇనుప చక్రాలుండాలి, రోటావేటరుండాలి. రెండో పంట దాళ్వా అయ్యాక దుక్కికి గొర్రు ఒకటి. వెనకాల తగిలించే ట్రక్కు మాత్రం ముందే కొనకు, చెప్తున్నాను. ట్రక్కు కొన్నామంటే ఇంక అది మనది కాదు, ఊరిది. ఒకాయన ఇసక తెచ్చుకుంటానంటాడు, ఒకావిడ పెళ్ళిసామాను దింపాలంటుంది, కాదనలేం. మా ట్రక్కు యానాం ఎన్నిసార్లు వెళ్ళొచ్చిందో లెక్కలేదు. ఎందుకెళ్ళేదో నేను చెప్పను, ఊళ్ళో మగాళ్ళనడుగు.

ఎన్ని హెచ్.పీ. అంటావా? అదంతా తర్వాత. ముందు దారి కొలవాలి. దారి కొలవకుండా బండి కొంటే ఏమవుతుందో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు, మా గురించే చెప్పుకుంటారు ఇప్పటికీ. కానీ కొలిచి కూడా కొన్న సంగతి మాత్రం ఎవరికీ తెలీదు. ఆగు, అలా కాదు, మొదట్నించీ చెప్తాను.

మీ పొలం, మా పొలం ఒకప్పుడు ఒకటే చెక్క. మీ తాతయ్యా, మా ఆయనా పంచుకున్నప్పుడు బళ్ళు తిరిగే పుంత పక్క భాగం మీ తాతయ్యకి వచ్చింది, లోపలి భాగం మాకు. మా చేలోకి బండి వెళ్ళాలంటే రెండే దారులు. పుంతలోంచి మీ తాతయ్య చేను దాటి వెళ్ళాలి, లేదా చేలకి నీళ్ళొచ్చే పంటబోదె మీద వంతెన ఎక్కి వెళ్ళాలి. ఆ వంతెన మా మావగారు కట్టించారు, ఎడ్లబండి కోసం. అటూ ఇటూ మోకాలెత్తు పిట్టగోడలు. అన్నదమ్ములిద్దరూ చిన్నప్పుడు దానికి ఇటుకలు మోశారట, మా ఆయన వేలి మీద మచ్చ చూపించి చెప్తుంటారు, ఇటుక పడిందని. ఏ వేలంటే మాత్రం ఒక్కోసారి ఒక్కో వేలు చూపిస్తారు.

పొలం పంచుకున్నా ఎడ్లు మాత్రం ఉమ్మడే. ఒకే జత, ఇటు రెండు రోజులు, అటు రెండు రోజులు. ఎడమపక్క కట్టే దాపటి ఎద్దంటే మా ఆయనకి ప్రాణం. వాళ్ళన్నయ్యకి పెట్టని వంకాయకూర దానికి పెట్టేవారు, నిజం. ఒక వేసవిలో మా తమ్ముడి పెళ్ళికని మేం పుట్టింటికి వెళ్ళాం, ఓ పది రోజులు. పది కాదు, పన్నెండు, మా అమ్మ పంపితే కదా. వచ్చేసరికి పాక ఖాళీ. మీ తాతయ్య జతని మొగల్తూరు వైపు వాళ్ళెవరికో అమ్మేశారు. దాపటిది కుంటుతోంది, మంచి బేరం వచ్చింది, ఆలస్యమైతే పోతుందని ఆయన ఉద్దేశం. మా వాటా మాకు ఇచ్చేశారు కూడా, అందులో తేడా లేదు. కానీ మా ఆయన బాధ అది కాదు కదే. ఒక్క మాట అడగలేదని. పోయేముందు దాని మెడ మీద చెయ్యి వేసే రాత కూడా లేకుండా చేశాడని. ఆ సాయంత్రం అన్నయ్య వాకిట్లో నిలబడి అరిచారు, ఆయనా అరిచారు. అంతే, ఆరేళ్ళు మాటల్లేవు.

ఆరేళ్ళంటే మాటలా దుర్గా. పక్కపక్క ఇళ్ళు, మధ్యలో దడి. మీ మామ్మా నేనూ మాత్రం ఆ దడి మీంచి కూరగిన్నెలు అందించుకుంటూనే ఉన్నాం. ఆవిడ నాకు తోడికోడలనే గానీ, అక్క కంటే ఎక్కువ. మా మగాళ్ళకి తెలుసు, తెలీనట్టుండేవారు. అక్క చేసిన పనసపొట్టు కూర తింటూ, "ఇవాళ నువ్వు బాగా చేశావే" అనేవారు ఈయన. నవ్వొచ్చేది, ఏడుపొచ్చేది.

ఇంకోటి చెప్పాలి, మీ కాలం పిల్లలకి వింతగా ఉంటుంది. మా రోజుల్లో బావగారితో, అంటే మొగుడి అన్నగారితో, మాట్లాడేవాళ్ళం కాదు. ఆయన ఎదురొస్తే చెంగు భుజాన కప్పుకుని పక్కకి తప్పుకోవడమే. నేను కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ మీ తాతయ్య నాతో నేరుగా ఒక్క మాట అనలేదు, నేనూ అనలేదు. ఏదన్నా ఉంటే మధ్యలో అక్కతో చెప్పించడమే. అంచేత ఈ తగువులో నేను వెళ్ళి, బావగారూ, పోనీలెండి అని అడిగే వీలు కూడా లేదు. మా ఆయనకి చెప్దామా అంటే, అన్నయ్య పేరెత్తితే కంచం ముందు నుంచి లేచిపోయేవారు.

ఇంతలో ఈయనకి ట్రాక్టరు పిచ్చి పట్టుకుంది. ఎడ్లు అమ్మేసినవాడి కళ్ళ ముందు ట్రాక్టరు తోలాలి, అదీ ఊళ్ళోకెల్లా పెద్దది. మండపేటలో ఎవరి బండి కనిపించినా ఆపి, ఎంత లాగుతుంది, ఎంత తాగుతుంది అని బుర్ర తినేసేవారు. నాకు మాత్రం ఒకటే ఆలోచన, అది చేలోకి ఎలా వెళ్తుంది? ఆ మాటంటే, "మా నాన్న కట్టించిన వంతెన లేదూ" అన్నారు. ఏనుగు కూడా వెళ్తుందన్నట్టు చెప్పారు.

మర్నాడు రాజమండ్రి రోడ్డులో షోరూముకి వెళ్తామనగా, మధ్యాహ్నం పొలానికి క్యారేజీ పట్టుకెళ్ళి వస్తూ వంతెన దగ్గర ఆగాను. చెంగు చాటున కొబ్బరితాడు తెచ్చుకున్నాను. ఈ పిట్టగోడ నుంచి ఆ పిట్టగోడకి పట్టి, అక్కడ ముడేశాను. చుట్టూ చూశాను, ఎండ పేలిపోతోంది, ఒక్క పురుగు లేదు. లేదనుకున్నాను.

షోరూములో ఏం జరిగిందో చెప్తే నవ్వుతావు. ఈయన సరాసరి పెద్దదాని మీదెక్కి కూర్చున్నారు, యాభై హెచ్.పీ.ది. ఆ అమ్మే అబ్బాయి, సార్ మీ పర్సనాలిటీకి ఇదే కరెక్టండి అంటున్నాడు. అయిదడుగుల మనిషి, దేవుడా, నిచ్చెనేసి ఎక్కించాల్సిన మనిషికి పర్సనాలిటీ. నేను మెల్లిగా వెనక్కి వెళ్ళి, తాడు కొస ఒక టైరు గాట్లో దూర్చి, వంగి రెండో టైరు దాకా పాక్కుంటూ వెళ్ళాను. ఆ అబ్బాయి చూడనే చూశాడు. ఏంటమ్మా వెతుకుతున్నారు అన్నాడు. దిద్దు పడిపోయింది నాయనా అన్నాను. పాపం వాడూ వంగాడు, ఇంకిద్దరూ వంగారు, నలుగురం కలిసి లేని దిద్దు కోసం బండి కింద వెతికాం. ఈ గొడవలోనే నేను రెండో ముడేసేశాను.

జానెడు. వంతెన కంటే బండి జానెడు ఎక్కువ.

పక్కనే చిన్నది కూడా ఉంది. దాన్నీ కొలిచాను, సుఖంగా పడుతుంది. మన ఎకరాలకి అది చాలు కూడా, నిజం చెప్పాలంటే. మరి చెప్పాలి కదా నేను? నోటి చివరి దాకా వచ్చింది. అప్పుడు తట్టింది నాకు. చిన్నది కొంటే ఈయన వంతెన మీంచి దర్జాగా వెళ్ళిపోతారు, ఇంక ఈ జన్మలో అన్నయ్యని అడగాల్సిన పని ఉండదు. పెద్దది కొంటే మాత్రం వంతెన పట్టదు. అన్నయ్య చేలోంచే వెళ్ళాలి, అడిగే వెళ్ళాలి. తాడు చుట్టచుట్టి రొంటిన దోపుకున్నాను. పైనుంచి, "ఏమే, ఎలా ఉంది?" అన్నారు. రాజాలా ఉన్నారు, అదే తీసుకోండి అన్నాను.

బండి వచ్చింది. పసుపూ కుంకాలు పెట్టాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం, ఊరంతా చూడ్డానికి వచ్చారు. మీ తాతయ్య మాత్రం అరుగు మీద పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. పేపరు తలకిందులుగా ఉందని తర్వాత అక్క చెప్పింది. ఈయన కాలరెత్తుకుని పొలానికి తోలారు, వెనకాల సగం ఊరు. వంతెన దగ్గరికెళ్ళి ఆగిపోయింది. ఎంత సర్దినా లోపలికి రాదు. వెనక్కి తీసి మళ్ళీ పెట్టారు, మళ్ళీ తీశారు. జనం ఊరుకుంటారా, సబ్బు రాయండి అని ఒకడు, గాలి తీసెయ్యండి అని ఒకడు. పిట్టగోడ పగలగొట్టేద్దాం అని గునపం తెచ్చాడు ఇంకొకాయన. ఆయన మీదికి మాత్రం ఈయన కొట్టేలా వెళ్ళారు. మా నాన్న కట్టించింది, చెయ్యి వేస్తే ఊరుకోనన్నారు. అక్కడ మాత్రం నాకు ఎంత ముద్దొచ్చారో.

నేననుకున్నాను, రెండ్రోజులు అలుగుతారు, మూడో రోజు అన్నయ్య దగ్గరికి వెళ్తారు అని. మా ఆయన్ని నేనింకా పూర్తిగా అర్థం చేసుకోలేదన్నమాట అప్పటికి. రెండు రోజులు కాదు, వారం గడిచింది. బండి వాకిట్లో పరదా కప్పుకుని కూర్చుంది. కోళ్ళు దాని కింద గుడ్లు పెట్టాయి. ఎప్పట్లాగే అద్దెకి చిన్నబండి దొరుకుతుందేమో అని తిరిగారు, దమ్ముల రోజులు కదా, అందరూ పదిహేను రోజుల తర్వాతే అన్నారు. అక్కడ చూస్తే నారు పోసిన ఆకుమడిలో ఆకు ముదిరిపోతోంది. ముదిరిన ఆకు ఊడిస్తే పిలకెక్కడేస్తుంది? పంటంతా తాలే. ఒకరోజు తెగించి అన్నాను, ఒక్క మాట మీ అన్నయ్యని అడిగితే పోయేదేముంది అని.

"ఎడ్లు అమ్మేటప్పుడు నన్నడిగాడా?" అన్నారు.

ఆ మర్నాడు మీ తాతయ్య చేలో కూలీలు దిగారు, నాట్లకి, ఊడుపులకి. అది విని నా ప్రాణం గిలగిల్లాడిపోయింది. ఊడ్చాక చేలోంచి ట్రాక్టరు వెళ్తుందా, ఎవరైనా తోలనిస్తారా? సాయంత్రం పుంత మొదట్లో నిలబడి చూశాను, దూరం నుంచి అంతా పచ్చగా కనబడింది. ఆ దారి కూడా మూసుకుపోయింది. ఏదో ఉద్ధరిద్దామనుకుని, ఉన్న పంట చేతులారా నాశనం చేశాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. పొద్దున్నే చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. తిడతారు, తిట్టనీ. కొడితే కొట్టనీ. ఆయన కొట్టరులే, అది వేరే సంగతి.

తెల్లారగానే తాడు చేత్తో పట్టుకుని, ఏవండీ పొలానికి పదండి, వంతెన దగ్గర మీకొకటి చూపించాలి అన్నాను. ఏంటే అంటే పదండి అన్నాను. పుంతలో నడుస్తున్నాం. నేను తలొంచుకుని మాటలు కూడబలుక్కుంటున్నాను. మీ తాతయ్య చేను దగ్గరికి వచ్చేసరికి ఈయన ఆగిపోయారు. నేను తలెత్తి చూశాను.

చేనంతా ఊడ్చేసి ఉంది దుర్గా. ఒక పక్క మాత్రం, గట్టు వారగా, ఈ చివర్నించి మా చేను దాకా ఒక్క మొక్క లేదు. రెండు బారల వెడల్పున నీళ్ళు తళతళలాడుతున్నాయి. ఈ చివర మీ తాతయ్య పారతో గట్టు కొడుతున్నారు, పుంతలోంచి బండి దిగడానికి వీలుగా. మమ్మల్ని చూసి పార ఆపారు. మీ తాతయ్యే ముందు అన్నారు.

"ఎడ్లప్పుడు నేను అడగలేదు. ఇప్పుడు నువ్వు అడగక్కర్లేదు. తోలుకో."

ఈయన గట్టెక్కి ఆ దారి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశారు. చివరికి, "మొక్క తొక్కుతుందేమో అన్నయ్యా" అన్నారు. ఆరేళ్ళ తర్వాత అన్నయ్యా అనడం అదే. రెండు బారలు వదిలాను, చాల్దా అన్నారు మీ తాతయ్య. అంతే, ఈయన వెనక్కి తిరిగి బండి కోసం ఇంటివైపు పరిగెత్తారు. యాభై దాటిన మనిషి, చెప్పు ఒకటి ఊడిపోయినా చూసుకోలేదు. ఆ చెప్పు నేనే ఏరాను.

ఇంక అక్కడ మిగిలింది మేమిద్దరం, నేనూ మా బావగారూ. నేను చెంగు కప్పుకుని గట్టుకి ఓ పక్కగా నిలబడ్డాను. ఒక చేతిలో చెప్పు, ఒక చేతిలో తాడు. ఆయన నావైపు చూడలేదు. చేనువైపు చూస్తూ, పార మట్టి గీసుకుంటూ అన్నారు.

"ఏమ్మా, ఆ వేళ వంతెన కొలిచావు కదా. నేను ఎదురుగా చెరువుగట్టు మీద మా మకాం పాకలోనే ఉన్నాను, చూశాను. కొలిచి కూడా పెద్దబండి కొనిపించావంటే ఎందుకో నాకు తెలీదా? వాడు వస్తాడని వారం చూశాను. వాడు రాడని తెలిసి గట్టు కొట్టాను. మంచి పని చేశావు. వాడికి మాత్రం చెప్పకు."

ఏడ్చేశాను, ఏం దాచుకోను. ఏమన్నా అనాలి కదా పెద్దాయనతో, ఏమనాలో తెలీక, అలాగేనండి అన్నాను. అంతే మా ఇద్దరి మాటలు. ఆయన పోయేదాకా మళ్ళీ ఎప్పుడూ నాతో నేరుగా మాట్లాడలేదు. ఇద్దరికీ అవసరం రాలేదు.

అక్కతో కూడా చెప్పలేదు. ఈయనకీ చెప్పలేదు. ఇదిగో, నీకే చెప్తున్నాను.

ఆ రోజు బండి చేలోకి దిగుతుంటే మీ తాతయ్య మడ్‌గార్డు మీద కూర్చున్నారు. ఎడమకి తిప్పరా, కుడికి తిప్పరా అని ఆయన, నాకు తెలుసులే అని ఈయన. ఆరేళ్ళ మాటలు ఆ ఒక్క పూటలో మాట్లాడేసుకున్నారు, అందులో సగం తిట్లే. మా ఆకు కాస్త ముదిరింది కాబట్టి ఆ సార్వా పంట అంతంత మాత్రంగానే వచ్చింది. రానీ. ఆ తర్వాత రెండిళ్ళకీ అదే బండి, నేనూ అక్కా ఒక ఏర్పాటు చేశాం. బండి మా వాకిట్లో, ఇనుప చక్రాలూ గొర్రూ మీ పాకలో. స్థలం లేదని చెప్పాం మగాళ్ళతో. మా వాకిట్లో ఏనుగుని కట్టేసే చోటుంది, ఆయనకి అనుమానం రాలేదు. ఏ పనికి బండి తియ్యాలన్నా ఈయన అటు వెళ్ళాలి, ఆయన ఇటు రావాలి. ఇన్నేళ్ళూ అలాగే గడిచింది. మీ నాన్నా, మావాడూ అన్నదమ్ముల్లా కలిసి తిరుగుతున్నారంటే ఊరికే తిరుగుతున్నారా?

"ఇప్పుడు నాన్న బండీ సామానూ అన్నీ మేమే కొనేసుకుందాం అంటున్నాడు. బాబాయ్ వాళ్ళు కూడా విడిగా కొంటామంటున్నారట."

తెలుసు. మావాడు నిన్న ఫోనులో ఇవే బొమ్మలు చూస్తున్నాడు. ఏ తగువూ లేదు వాళ్ళ మధ్య, ఉత్త సౌకర్యం కోసం. తగువైనా నయమే, ఆరేళ్ళకైనా తీరుతుంది. ఎవరి బండి వాళ్ళకుంటే ఒకరి వాకిట్లోకి ఒకరు ఎందుకెళ్తారే? అంచేత నా మాట విను. బండి మీరు కొనండి, నీకు నచ్చిందే కొను, ఎర్రదో నీలందో. రోటావేటరూ, ఇనుప చక్రాలూ మావాడు కొంటాడు, వాడి చేత నేను కొనిపిస్తాను. చిన్నమామ్మ చెప్పింది, అన్నీ ఒకేచోట కొంటే అచ్చిరాదంది అని చెప్పు మీ నాన్నకి. కారణం అడిగితే ముసలావిడ చాదస్తం అను.

ఇటు రా. ఆ చూరులో చెయ్యి పెట్టు, ఇంకా లోపలికి. అదే. రెండు ముళ్ళూ అలాగే ఉన్నాయి చూడు. ఇది వంతెన, ఇది బండి, మధ్యలో జానెడు. పట్టుకెళ్ళు, షోరూముకి పనికొస్తుంది. దిద్దు మాత్రం ముందే తీసి దాచుకో. నీ చేతి మీదుగా మొదలుపెట్టే సేద్యం, చేను నిండా పండాలి తల్లీ, ఇంటి నిండా మనుషులుండాలి, పదికాలాలు చల్లగా ఉండు.

అదిగో, గేటు చప్పుడు. వచ్చేశారు. ఆ ఫోను ఆపు.

ఆ, ఏంటండీ? దుర్గేనండి, ట్రాక్టరు కొంటోందట, అడగడానికి వచ్చింది. నన్నెందుకు అడుగుతోందా? మరే, అదే చెప్తున్నాను నేనూ. నాకేం తెలుసు, కొలతలన్నీ మీ చిన్నతాతయ్యకే తెలుసు, ఆయన్నడుగు అంటున్నాను.

దుర్గా, ఆ తాడు సంచిలో పెట్టుకో.